ఊరెళ్లినవాళ్ల సమాధులు

అమెరికాలో, ప్లెయిన్స్‌బరోలో ఉన్న పదకొండేళ్లూ దైవాశీర్వాదం గారు చలికాలం పొద్దుటిపూట ఒక పని చేసేవారు. ఐదింటికి లేచి, మోకరించి ప్రార్థన చేసుకొని, టీ అయినా తాగకుండా కిందికి దిగి, పార్కింగ్‌లో కార్ల అద్దాల మీద గడ్డకట్టిన మంచు గీకేవారు. తమ కారు ఒక్కటే కాదు. అపార్ట్‌మెంట్లో పొద్దున్నే వెళ్లేవాళ్లు ఎవరెవరో ఆయనకు తెలుసు. ముందు నర్సుల కార్లు, తర్వాత రైలు అందుకోవాల్సినవాళ్లవి, ఆఖరున స్టూడెంట్లవి. అద్దం తుడిచి, వైపర్లు ఎత్తి పెట్టి, చప్పుడు కాకుండా పైకి వచ్చేసేవారు. రెండో చలికాలం దాకా ఎవరికీ తెలియలేదు. తన కారు నిలిపే చోట మంచు పట్టదని నమ్మి, ఆ చోటు కోసం పక్కవాళ్లతో పేచీ పెట్టుకున్న పెద్దమనిషి కూడా ఉన్నాడు.

మొదట పట్టుకున్నది రిషిత. కరీంనగర్ అమ్మాయి, ఎమ్మెస్ చదువుతూ కింది ఫ్లాట్లో మరో ముగ్గురితో కలిసి ఉండేది. ఎగ్జామ్ ఉందని ఒకరోజు చీకటితోనే బయటికి వచ్చేసరికి, ఎవరో పెద్దాయన తన కారు మీద వంగి ఉన్నాడు. దొంగ అనుకుందట.

"అంకుల్, మీరు రోజూ ఇట్ల చేస్తే నాకు గిల్టీ అనిపిస్తది."

"గిల్టీ ఎందుకమ్మా. చేతులు ఊరికే ఉంటే కీళ్లు పట్టేస్తాయి. డాక్టర్ ఫీజు మిగిల్చావు నువ్వు."

ఆ రోజు నుంచి రిషిత వాళ్లింటి మనిషే అయింది. ఆమె మన చర్చి సంఘం పిల్ల కాదు. అయినా ఆదివారం మధ్యాహ్నం ఆరాధన అయ్యాక పెట్టే భోజనానికి తప్పకుండా వచ్చేది. "వాక్యం మీకు, గోంగూర నాకు" అనేది. దైవాశీర్వాదం గారు నవ్వి, ముందు ఆమె పళ్లెంలోనే వడ్డించేవారు.

ఆయన పుట్టింది బాపట్ల అవతల ఒక పల్లెలో. అక్కడ మిషను పేట అని ఒకటుంది. నూరేళ్ల కిందట అమెరికా నుంచి వచ్చిన ఒక దొరగారు ఆరెకరాలు కొన్నారు. క్రీస్తును నమ్ముకున్నందుకు పనుల్లోంచి తీసేసిన కుటుంబాలకు అందులో ఇళ్ల స్థలాలిచ్చి, మధ్యలో గుడి, గుడి వెనక బడి కట్టించారు. మొదట ఇల్లు వేసుకున్న తొమ్మిది కుటుంబాల్లో దైవాశీర్వాదం గారి తాతగారిదొకటి. తండ్రి వెల్ల మేస్త్రీ. సున్నం మూడు రోజులు నానితే తప్ప కుంచె ముట్టనిచ్చేవాడు కాదట. గుడ్డతో వడగట్టి, గంజి కలిపి, ఆఖరున చిటికెడు నీలం వేస్తేనే వెల్ల గోడను పట్టుకుంటుందని, పచ్చబడకుండా ఉంటుందని నేర్పాడు. పదో తరగతి అయ్యాక ఈయన కొన్నాళ్లు తండ్రి వెంట నిచ్చెనలు మోశారు. ఆ తర్వాత మిషను ఆసుపత్రిలో అటెండరుగా చేరారు. అక్కడే నర్సు ట్రైనింగులో ఉన్న లూసీ గారిని చూశారు. లూసీ గారు చెప్పే తీరు వేరు: "నేను చూశాను. ఈయన బకెట్టు వంకే చూస్తున్నారు."

లూసీ గారికి ఈ దేశంలో నర్సుగా ఉద్యోగం వచ్చింది. వెనకే ఈయన వచ్చారు. ఒక ఎలిమెంటరీ స్కూల్లో కస్టోడియన్‌గా కుదిరారు. గదులు తుడవడం, మంచు తీయడం, పిల్లలు పారేసుకున్న గ్లవ్స్ జతపరిచి డబ్బాలో పెట్టడం ఆయన పని. ఏ గ్లవ్ ఏ పిల్లదో టీచర్లకన్నా ఆయనకే బాగా తెలుసని ఆ స్కూలు ప్రిన్సిపాలే ఒకసారి మాతో అన్నారు.

మన తెలుగు సంఘానికి సొంత గుడి లేదన్నది మీకు తెలిసిందే. మొదట ఒక హోటల్ మీటింగ్ రూములో, తర్వాత ఒక స్కూలు జిమ్ములో, ఆ తర్వాత ఒకరి బేస్‌మెంట్లో కూడుకున్నాం. చివరికి, ఊరికి పది నిమిషాల దూరంలో పొలాల పక్కనున్న పాత అమెరికన్ చర్చివారు ఆదివారం మధ్యాహ్నాలు తమ హాలు వాడుకోమన్నారు. వాళ్ల భవనాల సంగతి చూసే గ్లెన్ గారు రిటైరైన పోస్ట్‌మ్యాన్. ఆయనా ఆయన భార్యా మేము వచ్చే గంట ముందే హీటర్ వేసి పెట్టేవారు. మా కూరల వాసన సోమవారం దాకా హాల్లో ఉంటుందని మేము సిగ్గుపడితే, సోమవారం మీటింగ్‌కి ఇప్పుడే జనం బాగా వస్తున్నారని గ్లెన్ గారు అన్నారు.

హాలు తాళం దైవాశీర్వాదం గారి దగ్గర ఉండేది. అందరూ వెళ్లిపోయాక ఊడ్చి, తాళం వేసి, చర్చి వెనక సమాధుల తోటలో రాలిన ఆకులు కూడా ఊడ్చేవారు. ఆ తోట చివర ఒక మూల పంతొమ్మిది రాళ్లున్నాయి. చెక్కిన రాళ్లు కావు. పొలంలో దొరికే మామూలు రాళ్లు, మోకాలెత్తు కూడా ఉండవు. పేరు లేదు, తేదీ లేదు, నిండా నాచు. ఇవి ఎవరివని ఒకనాడు గ్లెన్ గారిని అడిగితే ఆయన కూర్చొని అంతా చెప్పారు.

రెండు వందల ఎనభై ఏళ్ల కిందట ఈ చుట్టుపక్కల నేల లెనాపే అనే ఆదివాసీ జనానిది. ఒక యువ మిషనరీ చెప్పిన సువార్త విని వాళ్లలో కొందరు నమ్మారు. నమ్మినవాళ్లంతా ఒకచోట చేరి అడవి కొట్టుకొని, ఇళ్లు కట్టుకొని, మొక్కజొన్న పండించుకున్నారు. పిల్లలకు బడి పెట్టుకున్నారు. రోజూ ప్రార్థనకు కూడుకునేవారు. పట్టుమని పదిహేనేళ్లు కూడా ఆ ఊరు నిలవలేదు. భూమి తమదని వేరేవాళ్లు అన్నారు. లెనాపేలు ఇదే రాష్ట్రంలో దక్షిణానికి కదిలారు, అక్కడి నుంచి న్యూయార్క్ వైపు, ఆఖరికి ఎక్కడో విస్కాన్సిన్‌కి. ఈ రాళ్లు ఇక్కడ చనిపోయినవాళ్లవని చర్చిలో తరతరాలుగా చెప్పుకుంటారు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి దైవాశీర్వాదం గారు అన్నం ముందు కూర్చొని, "అది మన పేటే లూసీ" అన్నారట. "అలాగే గుడి, అలాగే బడి. మనల్ని మాత్రం ఎవరూ లేచిపొమ్మనలేదు. దేవుడు మనల్ని ఉండనిచ్చాడు."

అప్పటి నుంచి ఊడ్వడం ఆ మూల నుంచే మొదలుపెట్టేవారు.

నవంబరు రెండు మనవాళ్లకు సమాధుల పండుగ. పల్లెల్లో ముందు రోజే కుంచెలూ బకెట్లూ పట్టుకొని సమాధులు తెల్లగా చేస్తారు, రెండో తారీకు సాయంత్రం పూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తారు. మూడేళ్ల కిందట ఆ పండుగ శనివారం వచ్చింది. బుధవారమే దైవాశీర్వాదం గారు, చదువయ్యాక ఉద్యోగంలో చేరి అక్కడే ఉండిపోయిన రిషిత కారెక్కి, తోటపని సామాను అమ్మే షాపుకి వెళ్లి సున్నం బస్తా తెచ్చారు. "అంకుల్, ఇది మొక్కలకేసేది కదా" అని ఆ పిల్ల అడిగితే, మొక్కలకూ మనుషులకూ ఒకటే సున్నం అన్నారట. బాల్కనీలో మూడు రోజులు నానబెట్టారు. ఇంట్లో గంజి కనబడక లూసీ గారు వెతుక్కున్నారు. ఇండియన్ స్టోర్‌లో బట్టల నీలం దొరికింది.

శనివారం పొద్దున ఒక్కరే వెళ్లి, పంతొమ్మిది రాళ్లకూ గోళ్లతో నాచు గీకి, రెండు పూతలు వెల్ల వేశారు.

మరునాడు ఆరాధనకు వచ్చిన మేమంతా చూసి సంతోషపడ్డామని దాచకుండా చెప్పాలి. పిల్లలు కొవ్వొత్తులు పెట్టారు. మా కళ్లకు అది అచ్చం మా ఊరి సమాధుల దొడ్డిలా ఉంది. లూసీ గారు ఒక్కరే అడిగారు, గ్లెన్ గారికి చెప్పారా అని.

"సమాధికి వెల్ల వేయడానికి పర్మిషనేంటే" అన్నారు ఆయన.

సోమవారం గ్లెన్ గారు చూశారు. ఆయన ఆ రాళ్ల దగ్గర టోపీ తీసి చాలాసేపు నిలబడ్డారని తర్వాత ఆయన భార్య చెప్పారు. ఆయన బాధ మాకు తెలియనిది. విస్కాన్సిన్‌లో ఉన్న ఆ జనం పెద్దలకు రెండేళ్లుగా ఆయన ఉత్తరాలు రాస్తున్నారు. ఎవరూ మొదట జవాబివ్వలేదు. ఆఖరికి వాండా అనే పెద్దావిడ, తమవాళ్ల తరఫున డిసెంబరులో వచ్చి రాళ్లు చూస్తానని ఒప్పుకున్నారు. అన్నేళ్ల తర్వాత వాళ్లలో ఒకరు ఆ మూలకు రావడం అదే మొదలు. అంతవరకూ ఒక్క రాయి కూడా కదపకుండా, నాచు కూడా తీయకుండా ఉంచుతామని చర్చివారు మాటిచ్చి ఉన్నారు. పాత రాళ్లకు సున్నం పట్టిస్తే రాయి చెడుతుందని, నాచును బట్టే రాయి ఎన్నాళ్లుగా అక్కడుందో అంచనా కట్టవచ్చునని, మాకు అప్పుడు తెలిసింది.

చర్చి పెద్దలు మీటింగ్ పెట్టుకొని మన నోయెల్ పాస్టర్ గారికి నెమ్మదిగానే చెప్పారు. హాలు అగ్రిమెంటు డిసెంబరుతో అయిపోతుంది. ఇవి వాండా గారి పెద్దల సమాధులు. అవమానం జరిగిందని ఆమె అనుకుంటే, చేసినవారికి మళ్లీ తాళం ఇవ్వడం తమకు కుదరదు. ఆమె మాట మీదే ఉంటుంది.

ఎనభై కుటుంబాలు. మళ్లీ ఎక్కడికి పోతామన్న మాట ఇంటింటా నడిచింది. వాట్సాప్ గ్రూపులో ఒకరు, బకెట్టు చూస్తే ఆగలేని మనిషికి తాళం ఇచ్చిందెవరు అని రాశారు. రాసినాయన కారు అద్దం అన్ని చలికాలాలూ ఎవరు తుడిచారో ఆయనకు ఇంకా తెలియదు. దైవాశీర్వాదం గారు తాళం తీసుకెళ్లి గ్లెన్ గారి చేతిలో పెట్టి, ఇప్పుడే నీళ్లతో కడిగేస్తానన్నారు. గ్లెన్ గారు వద్దన్నారు. వైరు బ్రష్షు గానీ యాసిడ్ గానీ తగిలితే ఉన్న రాయీ పోతుందట. ముట్టుకోకుండా ఉండటమే ఇప్పుడు చేయగల మేలు అన్నారు. పని చేసే మనిషికి అంతకన్నా పెద్ద శిక్ష ఉండదు.

ఆ ఆదివారం మేము తల వంచుకొని వెళ్లాం. హాల్లో హీటర్ ఎప్పటిలాగే వేసి ఉంది. ఆ వెచ్చదనానికి మాలో కొందరికి కళ్లనీళ్లు వచ్చాయి.

రిషిత తనంత తాను గ్లెన్ గారి ఇంటికి వెళ్లి, సున్నం కొనిపించింది తానేనని చెప్పుకుంది. దైవాశీర్వాదం గారు వాండా గారికి ఉత్తరం రాశారు. ఆయన తెలుగులో చెబితే రిషిత ఇంగ్లీషులో పెట్టింది. ఐదే ఐదు వాక్యాలు. ఆ పని నేను చేశాను. మా సంఘానికి తెలియదు. చర్చివారికి తెలియదు. మీరు దయచేసి రావడం మానుకోవద్దు. కోపం నా ఒక్కడి మీద పెట్టండి.

జవాబు రాలేదు. నెల రోజులు ఆయన మంచు గీకే పని మానలేదు గానీ, అన్నం తగ్గించేశారని లూసీ గారు దిగులుపడ్డారు. రాత్రి ప్రార్థనలో తన పేరు ఎత్తేవారు కాదట. ఎనభై కుటుంబాల పేర్లూ ఒక్కొక్కటే చెప్పి, వీళ్లకు చోటు తీసేయకు ప్రభువా అని మాత్రం అనేవారట.

డిసెంబరు మొదటి శనివారం వాండా గారు వచ్చారు. డెబ్బై ఏళ్లుంటాయి. ముప్పై ఏళ్లు స్కూలు బస్సు నడిపారట. పొట్టిగా, గళ్ల కోటు వేసుకొని, కర్ర పట్టుకొని ఉన్నారు. ఎవరితోనూ మాట్లాడకుండా ఆ మూలకు నడిచి, పంతొమ్మిది రాళ్లనూ ఒక్కొక్కటే ముట్టుకుంటూ వెళ్లారు. వేళ్లకు తెల్లగా అంటింది. గ్లెన్ గారు, పాస్టర్ గారు, మేము పదిమందిమి దూరంగా నిలబడ్డాం. ఆమె వెనక్కి తిరిగి, ఇది చేసిందెవరు అని అడిగారు.

దైవాశీర్వాదం గారు బడిపిల్లాడిలా చెయ్యెత్తారు. స్కూల్లో ఇంగ్లీషు బాగానే మాట్లాడే మనిషికి ఆ క్షణాన ఒక్క ముక్క రాలేదు. రిషిత పక్కకు వచ్చి నిలబడింది. ఆయన తెలుగులో చెప్పింది చెప్పినట్టు ఆమె ఇంగ్లీషులో చెప్పింది.

ఎందుకు చేశావు అని వాండా గారు అడిగారు.

"మా ఊళ్లో ఈ పండుగకి ఒక్క సమాధి కూడా నల్లగా ఉండకూడదమ్మా" అన్నారు ఆయన. "కొందరు కూలి పనులకని దూరం పోయి ఉంటారు, రాలేరు. వాళ్ల పెద్దల సమాధులకి పక్కింటివాళ్లు వేస్తారు. వీళ్లవాళ్లు దూరాన ఉన్నారని గ్లెన్ గారు చెప్పారు. దగ్గరున్నవాణ్ణి నేనే కదా అనుకున్నాను."

రిషిత చెప్పడం ముగించాక వాండా గారు కర్ర మీద రెండు చేతులూ పెట్టుకొని ఆలోచించారు.

"అందరూ మేము అంతరించిపోయామని రాస్తారు" అన్నారు. "నువ్వు ఊరెళ్లామనుకున్నావు."

అక్కడితో ఆమె మెత్తబడ్డారనుకుంటే పొరపాటే. ఆ వెంటనే గట్టిగానే అన్నారు.

"అయినా అడగాల్సింది. మమ్మల్ని అడక్కుండా మాకు మేలు చేసినవాళ్లు మా కథ నిండా ఉన్నారు. నీ చేతిలో బకెట్టు ఉంది, వాళ్ల చేతిలో ఇంకేదో ఉంది. అంతే తేడా."

ఆయన తల దించుకొని, "నిజమేనమ్మా" అన్నారు. ఇంకొక మాట కలపలేదు. తప్పు ఒప్పుకునేటప్పుడు మనం సాధారణంగా చివర ఒక 'కానీ' పెడతాం. ఆయన పెట్టలేదు. అది వాండా గారు గమనించారని నాకనిపించింది. తన వేళ్లు చూసుకొని, ఈ తెలుపులో నీలి చాయ ఏమిటని అడిగారు. పచ్చబడకుండా బట్టల నీలం కలిపానని చెబితే ఆమె మొదటిసారి నవ్వారు. వాళ్ల అమ్మమ్మ కూడా దుప్పట్లకు నీలం పెట్టేదట. విస్కాన్సిన్ చలిలో తీగ మీద దుప్పట్లు బిర్రబిగుసుకుపోయి అట్టల్లా నిలబడేవట. ఆ ముచ్చట చెబుతూ ఆమె అక్కడున్న బెంచీ మీద కూర్చున్నారు. లూసీ గారు ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చారు. ఇదేం టీ, ఇందులో ఇంత చక్కెరేమిటి అని, రెండో కప్పు కూడా తాగారు.

తర్వాత గ్లెన్ గారిని పిలిచి మూడు సంగతులు చెప్పారు. ఈ మనిషి మీద తమకు ఫిర్యాదు లేదు. ఏప్రిల్లో చలి తగ్గాక, పాత రాళ్ల పని తెలిసినవారు పక్కనుండి చూపిస్తుంటే, మంచినీళ్లు, మెత్తని బ్రష్షులతో ఆ సున్నం తీయాలి. ఆ తీసే పని దైవాశీర్వాదమే చేయాలి. ఇక ఆ మూల ఆకులు ఎవరు ఊడ్చేవారని అడిగి, ఆయనే అని తెలిశాక, అయితే తాళం ఆయన దగ్గరే ఉండనివ్వండి అన్నారు.

నోయెల్ పాస్టర్ గారు ముఖం అటు తిప్పుకొని కళ్లు తుడుచుకున్నారు. దేవునికి స్తోత్రం అని మేము లోలోపలే అనుకున్నాం. పైకి అనడానికి ఆ రాళ్ల ముందు నోరు రాలేదు.

ఏప్రిల్ నుంచి ఆయన ఆరు శనివారాలు మోకాళ్ల మీద కూర్చొని ఆ రాళ్లు కడిగారు. రాళ్ల పని చూపించడానికి వచ్చిన అమ్మాయి ఆయన మోకాళ్ల కింద వేసుకోమని తన కారు సీటు మీది దిండు ఇచ్చేసింది. పగుళ్లలో సున్నం ఇంకా కొంచెం మిగిలే ఉంది. వానలు చూసుకుంటాయని ఆ అమ్మాయి చెప్పింది. ఆ మరుసటి ఏడాది ఆయన పని నుంచి రిటైరయ్యారు. ఇప్పుడు దంపతులిద్దరూ మోరిస్‌విల్‌లో కూతురు ఫెబీ దగ్గర ఉంటున్నారు. తాళం ఇప్పుడు వేరొకరి దగ్గర ఉన్నా, ఊడ్చేది ఆ మూల నుంచే.

కానీ ఆయనను తలచుకున్నప్పుడల్లా నాకు గుర్తొచ్చేది ఆ డిసెంబరు సాయంత్రమే. వాండా గారు ఎయిర్‌పోర్టుకు బయలుదేరి, గ్లెన్ గారి కారులో కూర్చున్నారు. తలుపు వేయబోతుండగా దైవాశీర్వాదం గారు దగ్గరికి వెళ్లారు. ఈసారి రిషితను పిలవలేదు. నిదానంగా, తనకు వచ్చిన ఇంగ్లీషులోనే అడిగారు. ఆయన అడిగింది ఇది:

"అమ్మా, పండుగ రోజు మా ఆరాధనలో చనిపోయినవాళ్ల పేర్లు పైకి చదువుతాం. మీ వాళ్ల పేర్లు మీకు తెలిసినన్ని మాకు రాసి పంపిస్తారా? ఎలా పలకాలో ఫోన్లో నేర్పిస్తే నేర్చుకుంటాను. మా వాళ్ల పేర్లతో పాటు చదువుతాం. మీరు సరే అంటేనే. వద్దంటే చదవం."